నా బొటనవేలిని దేవుడు కాపాడిన విధము

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నేను గద్వాల దగ్గర పత్తి విత్తనాల చేలల్లో కూలికి పోతుంటాను. మా పనంతా బొటనవేలి గోరు మీదే నడుస్తుంది, మొగ్గను గోరుతో ఒలిచి లోపలి పుప్పొడిని తీసేయాలి, గోరు లేకపోతే పని లేదు. అలాంటి గోటి కింద నాకు చీము పట్టింది! మోచేతి దాకా ఒకటే సలుపు, అన్నం కలుపుకోలేక, మా ఆయన ముద్దలు పెడితే ఏడ్చుకుంటూ తిన్నాను.

డాక్టరు ఏడు రోజులకు మాత్రలు రాశాడు. మూడో రోజుకే నొప్పి తగ్గింది. ఇక ఆగలేక ఆదివారం సంఘంలో లేచి, స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పేశాను, అందరూ చప్పట్లు కొట్టారు! సాక్ష్యం చెప్పాక కూడా మాత్ర మింగితే అవిశ్వాసమవుతుందని, మిగిలినవి మా అత్తకు మోకాళ్ల నొప్పులకు ఇచ్చేశాను. చూడండి నా తెలివి! చీము మళ్లీ వచ్చింది. సిగ్గుతో ఎవరికీ చెప్పక, వేలు కొంగు చాటున దాచుకుని, మెడికల్ షాపులో రెండేసి మాత్రలు కొని మింగుతూ, నొప్పి తగ్గగానే మానేస్తూ వచ్చాను.

చివరికి వనపర్తిలో ఒక దవాఖానకు పోతే డాక్టరమ్మ చీము పరీక్ష చేయించింది. "సగం సగం గోలీలు మింగి క్రిములకు అలవాటు చేసినవ్. ఇప్పుడు గా గోలీలకు అవి చస్తలేవు. బొక్కకు (ఎముకకు) పాకితే వేలు తీసెయ్యాలె" అన్నది. అక్కడే బల్ల మీద కూర్చుని, "తండ్రీ, నీ పేరు చెప్పి గొప్పకు పోయిన, తప్పయింది, నా వేలు నాకుంచు" అని ప్రార్థించాను.

ఆమె పుండు కడిగి, సగ్గుబియ్యం జావలా జిగటగా, చల్లగా ఉన్న జెల్లు పెట్టింది. "నీళ్లు పట్టుకున్న జెల్లు గిది, లోపల వెండి మందున్నది. గోలీలకు లొంగని క్రిములను పుండు మీదనే సంపుతది. కట్టు మార్చే రోజు తప్పొద్దు, నేను రాసిచ్చే సూదులు మధ్యల ఆపొద్దు" అన్నది. ఆ రోజే మా పాస్టరు గారి దగ్గరికి పోయి జరిగినదంతా ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, "మందు మింగితే దేవుడు అలుగుతడా అమ్మా?" అన్నారు.

ఒక్క కట్టు కూడా తప్పలేదు. చీము ఆగింది, ఎర్రని కండ వచ్చింది, గోరు కొంచెం వంకరగా మొలిచినా మొగ్గ చక్కగా ఒలుస్తున్నది, మహిమంతా ఆయనకే! డాక్టరమ్మ పుండు మానింది, ఇక రానక్కర్లేదు అన్నాకే ఇది రాస్తున్నాను. మీలో రోగంతో ఉన్నవారు ప్రభువును నమ్ముకోండి, ఆయన మందు చేత చేయించే మేలును మధ్యలో వదలకండి. సాక్ష్యం చెప్పాలని మనసు తొందరపెడితే, ముందు మాత్రలన్నీ అయిపోయాయో లేదో చూసుకుని లేవండి.