కుంట నుంచి రోడ్డెక్కిన గుర్రపుడెక్క

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా పెరటి చేపల కుంటను ఎవరు బాగు చేశారని మా ఇంట్లో ఎవరినడిగినా మా ఆయన పేరే చెబుతారు. అబద్ధం. ఆయన గట్టు మీద నిలబడ్డాడు. మోకాటిలోతు బురదలో దిగింది నేనూ, మా అత్తమ్మా.

రోడ్డు పక్క కాలువ నీళ్లే మా కుంటకు ఆధారం. ఆ ఏడు ఎండాకాలం కుంట నిండా గుర్రపుడెక్క అల్లుకుంది. గాలాడక, పొద్దున్నే బొచ్చె చేపలూ రవ్వ చేపలూ నోళ్లు తెరుచుకుని పైకి తేలేవి. మృగశిర కార్తె మొదటి రోజున, అంటే మా మిరుగు నాడు, పుట్టింటికొచ్చే బిడ్డలకు ఇంటి చేపలే వండిపెట్టాలని అత్తమ్మ పంతం. మిరుగు ఇంకా వారముంది.

మా ఆయన బడిపంతులు. ఉద్యమంలో ముందు నడిచే మనిషి. ఏ పని చెప్పినా ఒకటే మాట.

"తెలంగాణ రానీ, చేద్దాం."

"అప్పటిదాంక చేపలు ఊపిరి బిగవట్టుకొని కూసుంటయా?" అన్నాను.

అత్తమ్మ చీర ఎగదోపి దిగింది. "రా పిల్లా, నా కొడుకు ఉపన్యాసం అయ్యేలోపట సగం పీకుదాం."

వేళ్లతో లాగితే ఒక్కో దుబ్బు తడిసిన బొంతంత బరువు. పైగా జలగలు. రెండు రోజులకు గట్టు మీద నిలువెత్తు కుప్ప.

"గిది ఈడుంటే వానకు మళ్ల కుంటలకే వస్తది. దూరం తీస్కపోయి ఎండబెట్టాలె" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. ఆ రోజు మా కాలువ పక్కనున్న మరిపెడ రోడ్డు మీదే రాస్తారోకో. కుప్పంతా ఎద్దుబండికెత్తించి రోడ్డుకు అడ్డంగా పోయించాడు. బస్సులు ఆగిపోయాయి. "ఉద్యమానికి మా కుంట కానుక" అని మైకులో చెప్పాడట. పీకిన చేతుల సంగతి మైకుకు అందలేదు.

చేపలు బతికాయి. మిరుగు నాడు ఆడబిడ్డలు కూర తింటూ, "మా అన్న ఎంత కష్టపడ్డడో!" అన్నారు. అత్తమ్మ నా కంచంలో ఇంకో ముక్క వేసి, "తిను పిల్లా. జలగలకు తెలుసు ఎవరు కష్టపడ్డరో" అంది.

వానలు పడ్డాయి. కాలువ వెంట గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా, ఊరేగింపులా మా కుంటకే తిరిగొచ్చింది. రాస్తారోకో ముగిశాక, దారి తీయడానికి దాన్నంతా కాలువలోకి తోశారన్నమాట!

తెలంగాణ వచ్చింది. ఏటా కుంటలో దిగుతున్నది మాత్రం నేనే. కాలువలోకి ఎవరు తోశారని అడిగితే, మా ఆయన ఇప్పటికీ "ప్రజలు తోసిన్రు" అంటాడు.

సరే పంతులూ, ఒప్పుకుంటా. ఆ ప్రజల్లో నువ్వున్నవా, లేవా?