మామ గ్రౌండుకు ఆయం చూసిన అల్లుడు

ఇల్లు కట్టబోయి మునిగినవాళ్ళు మీకు ఊరినిండా కనబడతారు. చెక్కపలక మీద మట్టీ బంకా కలిపి, అరచేతిలో పట్టే ట్రక్కు ఒకటి నిలబెట్టి, దాంతో ఇంకో మనిషిని ముంచినవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర, జేబులో కొలత టేపుతో తిరిగే బట్టతల మనిషి కనబడితే చూడండి, అది నేనే. నమస్కారం పెట్టండి, ఫరవాలేదు. మీ ప్లాటు కొలతలు మాత్రం నాకు చెప్పకండి.

నేను ఇంజనీరును కాను. టైల్స్ షాపులో లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. కానీ అంకె కనిపిస్తే నా వేళ్ళు ఊరుకోవు. పాత పుస్తకాలు కొనుక్కుని, ఏ గురువూ లేకుండా ఆయం కట్టడం నేర్చుకున్నాను. ఆయం అంటే స్థలం పొడవూ వెడల్పూ గుణించి, భాగించి, చివరికి మిగిలిన అంకెను బట్టి ఆ స్థలం సింహమో, ఏనుగో, కుక్కో, గాడిదో తేల్చడం. సింహమైతే కొబ్బరికాయ కొట్టొచ్చు. గాడిదైతే గోడ కొంచెం జరపాలి. మా కాలనీలో నేను జరిపించని గోడ లేదు. గేటు ఎటు, సంపు ఎటు అని జనం అడుగుతుంటే నాకు ఒళ్ళు ఉబ్బిపోయేది, నానబెట్టిన శనగలాగా.

ఇక మా మామ యాదగిరి గారు. నల్గొండ పల్లె నుంచి పటాలంలో చేరి, కొత్త జవాన్లకు శిక్షణ గ్రౌండులో ట్రక్కు తోలడం నేర్పే ఉస్తాద్ అయ్యారు. ఆ శిక్షణ ట్రక్కుకు ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ బోర్డు ఉంటుంది. ఎడమ సీటు ముందు ఉస్తాద్ కోసం ఇంకో బ్రేకు ఉంటుంది. మామ తన సర్వీసంతా ఆ ఎడమ సీట్లో కూర్చుని, పక్కవాడు చేయబోయే తప్పును కాలితో ఆపినవారు. పెళ్ళైన కొత్తలో నాకూ డ్రైవింగ్ నేర్పబోయారు. మలుపులో నేను కోణం లెక్కవేసేలోగా కారు గోడ దాకా వెళ్ళింది. ఆ కారుకు రెండో బ్రేకు లేదు మరి. అప్పటి నుంచి నేను బస్సు మనిషిని, తర్వాత మెట్రో మనిషిని.

అత్తమ్మ పోయాక మామ మతి కొద్దికొద్దిగా జారడం మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బామ్మర్ది శేఖర్ ఫ్లాటులో ఉండేవారు. సాయంత్రమైతే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడేవారు.

“తలుపు తియ్. గ్రౌండ్‌కు పోవాలె. పోరగాండ్లు ఎదురుచూస్తుంటరు.”

“ఏం గ్రౌండు నాయినా, నువ్వు రిటైరయి ఎన్నేండ్లాయె!”

“నువ్వెవడివిరా నాకు చెప్పెటోనివి?”

రెండుసార్లు తప్పించుకుని వెళ్ళిపోయారు కూడా. రెండోసారి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దొరికారు. నడిరోడ్డు మీద నిలబడి సిటీ బస్సును ‘వెనక్కి, ఇంకా వెనక్కి’ అని చేత్తో పిలుస్తున్నారు. విచిత్రమేమిటంటే డ్రైవరు నిజంగానే వెనక్కి పోనిస్తున్నాడు. మేము నవ్వాం. ఇంటికొచ్చాక శేఖర్ నవ్వలేదు.

“బావా, మేమిద్దరం ఆలుమగలం డ్యూటీకి పోతే ఇంట్ల ఎవరుంటరు? తాళమేసి పోవుడు నాతోని అయితలేదు. వనస్థలిపురంల గిసువంటోళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటి చూసొచ్చిన. ఇంకోసారి తప్పిపోతే నాయిన దొరకడు.”

నా భార్య సుజాత ముఖం తిప్పుకుంది. “జర ఆగు తమ్మీ,” అంది. “జర” అంటే ఎంతో ఎవరికీ తెలియదు.

అప్పుడే నాకు ఐడియా వచ్చింది. వచ్చినప్పుడే దాన్ని మెట్రో కింద తోసేసి ఉండాల్సింది.

మామకు ఇంట్లో మనుషుల పేర్లు జారిపోయినా గ్రౌండు జారిపోలేదు. అన్నం తిన్నాక రోజూ బల్ల మీద ఆ గ్రౌండును పరిచేవారు. చెంచా గేటు, పప్పుగిన్నె నీళ్ళ గుంత, చపాతీ పీట ర్యాంపు. ఎన్నిసార్లు పరిచినా ఏదీ వెంట్రుకవాసి జరిగేది కాదు. ఆ గ్రౌండునే తయారుచేసి ఆయన గదిలో పెడితే ఆయన ఇక గడప దాటరు కదా! గ్రౌండే ఇంటికొస్తే మనిషి గ్రౌండుకు ఎందుకు పోతాడు? లెక్క సరిపోయింది. నా లెక్కలన్నీ కాగితం మీద ఎప్పుడూ సరిపోతాయి.

పని మొదలుపెట్టాను. అసలు బండిలో ముప్పై అయిదు అంగుళాలు నా బండిలో ఒక్క అంగుళం. సన్‌బోర్డు అనే తేలికపాటి అట్ట కోసి బాడీ, చొక్కా డబ్బా మీది ప్లాస్టిక్‌తో అద్దం, నా పాత ఖాకీ ప్యాంటు చింపి టార్పాలిన్. నాగోల్ నుంచి మట్టి తెచ్చి సుజాత టీ వడపోతతో జల్లించాను. ఆ తర్వాత మా ఇంట్లో టీ చాలాకాలం దేశభక్తి వాసన వేసింది. నీళ్ళ గుంతకు పారదర్శకమైన బంక పోశాను. గుండుసూది తలతో ఎడమ సీటు ముందు రెండో బ్రేకు పెట్టాను. అది కనబడాలంటే భూతద్దం కావాలి. అయినా పెట్టాను.

“గంత చిన్నది ఎవరికి కనబడ్తది?” అంది సుజాత.

“మామకు కనబడ్తది.”

ఇక్కడ ఆగి ఉంటే నేను మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. కానీ పలక మీద గ్రౌండు గీతలు గీశాక చెయ్యి ఊరుకోలేదు. ఆయం కట్టాను.

గాడిద!

మళ్ళీ కట్టాను. మళ్ళీ గాడిదే. పైగా గేటు నైరుతిలో, నీళ్ళు ఆగ్నేయంలో, ర్యాంపు ఈశాన్యంలో. అంటే ఉండకూడనివన్నీ ఉండకూడని చోట కొలువుతీరాయి. ఇలాంటి దాన్ని రోగి పడుకునే గదిలో పెడతామా? అందుకే పలకను ఒక వేలు వెడల్పు కోసి గాడిదను సింహం చేశాను. గేటును తూర్పు ఈశాన్యానికి తెచ్చాను. నీళ్ళను ఈశాన్యానికి మార్చాను. బరువైన ర్యాంపును నైరుతిలో కూర్చోబెట్టాను. అయ్యాక దూరంగా నిలబడి చూస్తే కళ్ళు చెమర్చాయి. భారతదేశంలో ఇంత శుభ్రమైన వాస్తు ఉన్న పటాలం గ్రౌండు ఇంకోటి ఉండదు.

ఆటోలో సుజాతా నేనూ పలకను ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాం. డ్రైవరు అద్దంలోంచి ఒకటే చూపు.

“కొత్త వెంచరా సార్? యాడ?”

“వెంచర్ కాదు. గ్రౌండు.”

“గేటు మంచిగ పెట్టిన్రు సార్. ఈశాన్యం కదా?”

నేను సుజాత వైపు గర్వంగా చూశాను. ఆమె బయటికి చూస్తోంది. వాళ్ళ నాన్న ఇంట్లో ఉంటాడా, ఆశ్రమానికి పోతాడా అన్నది తన ఒళ్ళోనే ఉన్నట్టు పలకను రెండు చేతులతో పట్టుకుంది.

మామ ముందు భోజనాల బల్ల మీద పలక దించాం. శేఖర్ టీవీ ఆపాడు. మామ ట్రక్కును చేతిలోకి తీసుకుని కంటి దగ్గర పెట్టుకుని, గోటితో ఎడమ సీటు ముందు తడిమారు.

“బ్రేకుంది,” అన్నారు.

సుజాత నా భుజం పట్టుకుంది. ఆ ఒక్క నిమిషం కోసం నన్ను ఇప్పటికీ క్షమించవచ్చు.

తర్వాత మామ బండిని గేటు దగ్గర పెట్టి, వేలితో లోపలికి తోశారు. బండి నేరుగా వెళ్ళి నీళ్ళ గుంతలో మూతి పెట్టింది. వెనక్కి తీసి మళ్ళీ తోశారు. మళ్ళీ నీళ్ళలోకే. బండి తిరగడానికి చోటు లేదు. నేను తోలేవాణ్ణి కాదు కదా, నాకు తట్టనే లేదు.

“గేటు గీడెందుకున్నది?”

మీరైతే నోరు మూసుకునేవారు. నేను విద్వాంసుణ్ణి.

“మామా, నైరుతిల గేటు ఉండొద్దు. ఇంటికి అరిష్టం. తూర్పు ఈశాన్యమే మంచిది.”

“గ్రౌండ్‌కా?”

“ఏ స్థలానికైనా గంతే మామా.”

“నైరుతికెల్లి ఎందుకు ఒస్తరో ఎర్కేనా నీకు? పొద్దుగాల ఎండ సీదా కండ్లల్ల కొడ్తది. గా ఎండల తోలుడు రావాలె పోరగానికి. గందుకు పెట్టిన్రు గేటు.” ఆయన గొంతు పెరిగింది. “నీ గేటుకెల్లి ఒస్తే పోరగాండ్లు నీళ్ళల్ల పడి సస్తరు! నిన్ను గ్రౌండ్ల ఎవడు రానిచ్చిండు? ఉరుకు! గ్రౌండ్ సుట్టూ ఉరుకు!”

ఉస్తాద్ శిక్ష అది. ఏం చేయను? నడివయసు అల్లుణ్ణి, భోజనాల బల్ల చుట్టూ పరుగెత్తాను. శేఖర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేను ఆగేసరికి మామ చెప్పులేసుకుని తలుపు దగ్గర ఉన్నారు.

“గిది మా గ్రౌండ్ కాదు. మా గ్రౌండ్‌కు తోల్కపోండ్రి.”

అయినా నేను వదల్లేదు. ఆ సాయంత్రమంతా పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి ఎక్కం నేర్పినట్టు, నైరుతి ఎందుకు చెడ్డదో చెప్పాను. మనసులోకి ఎక్కాలని చెప్పిందే చెప్పాను. ఎక్కితే ఇంట్లో ఉంటారని నా లెక్క. ఆయన ఒప్పుకోలేదు, కానీ వింటూనే ఉన్నారు.

కొద్దిరోజులకే మళ్ళీ తప్పిపోయారు. ఈసారి నాగోల్ దగ్గర మూసీ గట్టున, మోకాళ్ళ నిండా బురదతో దొరికారు. శేఖర్ ఆయన కాళ్ళు తనే కడిగాడు. కడుగుతూ తల ఎత్తకుండా అన్నాడు, “ఇగ నాతోని కాదు బావా.” ఈసారి సుజాత “జర ఆగు” అనలేదు.

మామను వనస్థలిపురం ఆశ్రమంలో దించి వచ్చాక నేను పలకను విరగ్గొట్టాను. గ్రౌండును మొదటి నుంచీ మళ్ళీ కట్టాను. చెంచా ఉన్నచోట గేటు, గిన్నె ఉన్నచోట గుంత, పీట ఉన్నచోట ర్యాంపు. ఆయం జోలికి పోలేదు. గాడిదను గాడిదలాగే ఉండనిచ్చాను. ఎండ ఎటు నుంచి వస్తుందో తెలియడానికి ఈశాన్యం అంచున పసుపు రంగు కూడా పూశాను. ఆ పని తెమిలేసరికి వానాకాలం గడిచిపోయింది.

తీసుకుని వెళ్ళాం. మామ కిటికీ దగ్గర మంచం మీద ఉన్నారు. చెప్పులు మంచం కింద ఉన్నాయి. వాటి మీద దుమ్ము ఉంది.

“మామా, నీ గ్రౌండు తెచ్చిన. తప్పు దిద్దిన. చూడు, గేటు నైరుతిలనే ఉంది.”

ఆయన చాలాసేపు చూశారు. ట్రక్కును ముట్టుకోలేదు.

“ఎవరి ప్లాటిది?”

“నీదే నాయినా. మీ గ్రౌండు. పోరగాండ్లకు నేర్పుతుంటివి కదా,” అంది సుజాత.

ఆయన తల అడ్డంగా ఊపి, నా వైపు జాలిగా చూశారు.

“నైరుతిల గేటు పెట్టిన్రు. ఎవడన్న పెడ్తడా? ఇంటికి అరిష్టం. తూర్పు ఈశాన్యంకు మార్చుకో బిడ్డా.”

మాట నాది, వరస నాది, చివరికి చూపుడువేలు ఆడించడం కూడా నాదే. ఎన్నో ఏళ్ళ గ్రౌండు తుడిచిపెట్టుకుపోయిన చోట, ఒక్క సాయంత్రపు నా పాఠం గట్టిగా నిలబడి ఉంది.

ఊరుకోలేక అడిగాను. “గీ ముచ్చట నీకెవరు చెప్పిన్రు మామా?”

“ఎవరో ఒకాయన. మస్తు తెలిసినోడు.”

కాబట్టి పాఠకుల సమక్షంలో, కొలత టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చక్రాలు తిరిగే స్థలానికి గానీ, ఎవరి తలలోనైనా ఉన్న స్థలానికి గానీ ఆయం కట్టను. గేటు ఎటు పెట్టాలని ఎవరైనా అడిగితే, “బండి తిరిగేటట్టు పెట్టుకోండి” అంటాను. అని, నోరు మూసుకుంటాను. ఆ రెండోదే కష్టం. నా నోటికి ఎడమ సీటు బ్రేకు లేదు.