ఊరికే పెట్టే అన్నం

విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా పిల్లల ఇల్లు ఉంది. చిన్న వయసులోనే పనిలో నలిగిపోయిన ఆడపిల్లలను అధికారులు విడిపించి మా దగ్గరికి పంపిస్తారు. వండి పెట్టడం, జడలు వేయడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం నా పని. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకన్నా ఎక్కువ.

రొయ్యలు ఒలిచే షెడ్డు నుంచి ఆ పిల్ల వచ్చినప్పుడు పదకొండేళ్ళుంటాయేమో. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, పగిలి ఉన్నాయి. కొబ్బరినూనె రాద్దామంటే చేతులు వెనక్కి దాచుకుంది.

కొత్త పిల్ల వచ్చిందని తెలిస్తే చాలు, పక్క పాలెంలోని ఆడవాళ్ళు ఏదో ఒకటి తెచ్చిపెడతారు. ఆ ఆదివారం ఒకామె బుట్టెడు పచ్చి రొయ్యలు తెచ్చింది. మా వైపు బిడ్డను మురిపించాలంటే రొయ్యల కూర వండాల్సిందే. ఆమే నేనూ తెగ సంబరపడిపోయాం. మసాలా నూరుకుని బయటికి వచ్చేసరికి ఆ పిల్ల బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉంది. తల ఎత్తకుండా ఒలుస్తోంది. చూస్తుండగానే బుట్ట ఖాళీ అయింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇంకో బుట్ట యాడుందక్కా?"

నా ప్రాణం ఉసూరుమంది. రొయ్యలు తెచ్చినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ క్షణాన షెడ్డు యజమాని ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"చాల్లేమ్మా, లేచి చేతులు కడుక్కో. అన్నం తిందువు."

"పని లేకపోతే అన్నం ఎట్ట పెడతారు? నన్ను మళ్ళా ఆడికే పంపిచ్చేస్తారా?"

అదీ దాని భయం. ఎక్కడికీ పంపించం అని ఎంత చెప్పినా నమ్మలేదు. తెల్లారగానే చీపురు పట్టుకునేది. వద్దంటే ఏడ్చేది. నెల్లూరు నుంచి వచ్చే కౌన్సెలర్ మేడమ్ ఒక దారి చెప్పారు. పని చేతిలోంచి లాక్కోవద్దు, ఏ పనీ ముట్టుకోకముందే కడుపు నింపెయ్యండి అన్నారు. అదే పట్టుకున్నాను. పళ్ళు తోమడం ఆలస్యం, ఇడ్లీ పళ్ళెం చేతిలో పెట్టేదాన్ని. "తినేసినావు కదా, ఇంక చేసినా చేయకపోయినా ఒకటే" అనేదాన్ని. మొదట్లో నన్నే చూస్తూ అనుమానంగా మింగేది. వానాకాలం వెళ్ళేసరికి బుగ్గలు వచ్చాయి. చేతులు చాపి నూనె రాయించుకోవడం కూడా వచ్చింది.

మొన్న సాయంత్రం పిల్లలంతా వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. పప్పుకు పోపు పెట్టబోతూ చూస్తే కరివేపాకు లేదు. ఆ పిల్లను కేకేశాను.

"ఏమే, పెరట్లో రెండు రెబ్బలు కోసుకురా!"

ఒంటికాలి మీద నిలబడి, వెనక్కి కూడా తిరగలేదు.

"నేను రాను పో అక్కా! ఆడుకుంటుండా. నువ్వే తెచ్చుకో."

నేను ఎక్కడ విరుచుకుపడతానో అని మిగతా పిల్లలు బిగుసుకుపోయారు. నాకేమో ఒకటే నవ్వు, వెనకే ఏడుపు. ఇన్నాళ్ళూ దాని నోట ఆ మాట వినడానికే కాచుకుని ఉన్నాను. కళ్ళు తుడుచుకుని, పొయ్యి తగ్గించి, నేనే వెళ్ళి కరివేపాకు కోసి తెచ్చుకున్నాను.