రివ్కా ఆంటీ ముట్టని వైన్

నిన్న దక్షిణపు గాలితో కొట్టిన వానకు వరండాలో పెట్టిన బాస్మతి సంచి తడిసి ముద్దయింది. బియ్యం లోపల ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి గానీ పైనున్న గోనెసంచి నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ వరండాకు రేకు వేయించమని మా ఆయన శీనుతో పోరుతూనే ఉన్నాను. ఆ విసుగుతోనే సంచి ఎత్తబోయి ఆగిపోయాను. మట్టి, నార, కాస్త ముక్కిన గింజ కలిసిన తడి గోనె వాసన. అది తగలగానే నా రెండు చేతులూ వాటంతట అవే కోటు జేబుల్లోకి వెళ్ళాయి. రివ్కా ఆంటీ గుర్తొచ్చారు.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పొట్టి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, ఎండాకాలంలో కూడా మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. రెముటాకా కొండ దాటి అవతలికి దిగితే మార్టిన్‌బరో పక్కన గులకరాళ్ళ నేలలో ఆవిడ ద్రాక్షతోట. పామర్‌స్టన్ నార్త్‌లో ఫుడ్ టెక్నాలజీ చదివి, ఉద్యోగం అడిగినచోటల్లా లేదనిపించుకుని, చివరికి ఆవిడ ముందు కూర్చున్నాను. నా సర్టిఫికెట్లు ఆవిడ తెరిచి కూడా చూడలేదు. "ద్రాక్ష గురించి నీకేం తెలుసు?" అని అడిగారు. "హైదరాబాద్ దగ్గర కీసరలో మా తాత ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లున్నాయి" అన్నాను. "తోట పోయాక ఆయనేం చేశాడు?" "రోజూ పొద్దున్నే ఆ ప్లాట్ల గేటు దాకా నడిచి వెళ్ళి వెనక్కి వచ్చేవాడు." ఆవిడ కిటికీలోంచి తన తోటవైపు చూశారు. తరువాత, "సోమవారం నుంచి రా" అన్నారు. ఇక్కడ అందరూ బాసును పేరు పెట్టే పిలుస్తారు. అంత పెద్దావిడను అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను. ఎందుకో ఆవిడకు ఆ పిలుపు నచ్చింది.

ఆవిడ యూదురాలు. తాతముత్తాతలు హంగరీలో ఒక కొండవాలు మీద ద్రాక్ష పెంచి, పీపాల్లో వైన్ పట్టి అమ్మేవారు. ఆ దేశంలో తమవాళ్ళకు బతుకు లేకుండా పోతోందని తెలిశాక నాయనమ్మ ఓడెక్కి వెల్లింగ్టన్‌లో దిగింది. యూదుల పండగకు వైన్ లేకపోతే కుదరదు. అదీ వాళ్ళ ఆహార నియమం ప్రకారం చేసిన కోషర్ వైనే కావాలి. అంత దూరానికి ఆ రోజుల్లో అది సరిగా వచ్చేది కాదట. నాయనమ్మ ఇంటి వెనక బట్టలుతికే గదిలో, బట్టలు ఉడకబెట్టే రాగి గంగాళాన్ని తోమి, అందులో ఎండుద్రాక్ష నానబెట్టి వైన్ చేసి, తనవాళ్ళ ఇళ్ళకు అమ్మడం మొదలుపెట్టింది. దానికి సీసాలు కావాలి కాబట్టి ఆవిడ కొడుకు, అంటే ఆంటీ వాళ్ళ నాన్న, వీధులు తిరిగి ఖాళీ సీసాలు ఏరుకొచ్చి కడిగేవాడు. కొన్నేళ్ళకు అదే సీసాల వ్యాపారం అయింది. ఆ వ్యాపారంలో మిగిలినదానితో గొర్రెలకు కూడా పనికిరాని ఈ రాళ్ళ నేల కొన్నాడు. ఊరంతా నవ్వింది. ఆయన ద్రాక్ష నాటాడు.

"ఇన్నాళ్ళూ ద్రాక్ష పండించి పక్కవాళ్ళకు అమ్మాం. వైన్ మాత్రం మా నాయనమ్మతోనే ఆగిపోయింది" అనేవారు ఆంటీ. కోషర్ వైన్ అంటే తియ్యటి పాకం అని లోకమంతా అనుకుంటుందని ఆవిడకు మహా మంట. "మావాళ్ళు దేవుడి పేరు చెప్పుకుని దగ్గుమందు తాగుతున్నారు" అనేవారు. ఏ పెద్ద హోటల్ బల్ల మీద పెట్టినా తల దించుకోనక్కరలేని వైన్ ఒక్కటి, నియమం తప్పకుండా చేయాలి. డెబ్బై దాటిన వయసులో ఆవిడ పట్టుదల అది. తోట కొంటామని పక్కనున్న పెద్ద కంపెనీవాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. "ఈ పంట వైన్ నిలబడితే తోట ఉంటుంది. లేకపోతే వాళ్ళకు సంతకం పెట్టేస్తాను. ఇంకోసారి ప్రయత్నించే ఓపిక నాకు లేదు" అని ఆవిడ నాతో మొదటి వారంలోనే చెప్పేశారు. నాకు కీసర గేటు కళ్ళముందు కదిలింది.

కోత మొదలైన రోజు ఆక్లండ్ నుంచి ఇద్దరు వచ్చారు. లెక్కల మాస్టారు డేనియల్, ఆయన బావమరిది. ఇద్దరూ నిష్ఠగల యూదులు. పండు చిదిమినప్పటి నుంచి సీసాకు బిరడా పడేదాకా వైన్ పని వాళ్ళ చేతుల మీదుగానే జరగాలట. నాకు అది సరిగా బుర్రకెక్కలేదు. రసం రుచి చూద్దామని తొట్టి కుళాయి మీద చెయ్యి వేయబోయాను. డేనియల్ మెత్తగానే, "దయచేసి ముట్టుకోవద్దు" అన్నాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. మా అమ్మమ్మకు ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు నీళ్ళు దోసిట్లో ఎత్తి పోసేవారు. చెంబు ముట్టుకోనిచ్చేవారు కాదు. సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ కూడా ఇదే మాట పడాలా అని ఆ సాయంత్రం ఇంట్లో ఏడ్చాను. రేపట్నుంచి పోనన్నాను. శీను అన్నం కలుపుకుంటూ, "ఏందే నీ లొల్లి? ముందుగాల ఆమెను అడుగు. అడిగినంక కోపం జెయ్యి" అన్నాడు. ఆయన ఎప్పుడోగానీ ఇలా పనికొచ్చే మాట అనడు.

మర్నాడు వెళ్ళీవెళ్ళగానే అడిగేశాను. "నేను ముట్టుకుంటే మీ వైన్ మైలపడుతుందా?" అమ్మమ్మ సంగతీ చెప్పాను. ఆంటీ అంతా విని, షెడ్డులోకి తీసుకెళ్ళి, రసం పొంగుతున్న తొట్టి ముందు నిలబడ్డారు. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"నేను శనివారం కారు నడుపుతాను. ఫోన్ మాట్లాడతాను. దుకాణానికి వెళ్తాను. మాకు శనివారం ఇవేవీ చేయకూడని విశ్రాంతి దినం. అది పాటించని యూదుల చెయ్యి కూడా పడకూడదు. కాబట్టి నేనూ ముట్టుకోకూడదు."

"మీ వైన్‌ని మీరే ముట్టుకోకూడదా?"

"మా నాయనమ్మ తలపుతో చేసే వైన్‌ని. చేతులు బయట ఉంటే నా మాట వినవు. అందుకే ఇలా జేబుల్లో పెట్టుకుంటాను."

"శనివారం కారు తీయడం మానేస్తే సరిపోతుంది కదా" అన్నాను. ఆవిడ పెద్దగా నవ్వారు. "వైన్ కోసం దేవుడి దగ్గర నటించమంటావా?" అని, కాస్త ఆగి, "నీ కోపం నువ్వే ఉంచుకో లావణ్యా. అది మీ అమ్మమ్మది. అది తప్పని నేను అనను" అన్నారు. ఆ రెండు నియమాలూ ఒకటేనా కాదా అన్న వాదన నాలో ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. కానీ తనకే అడ్డుపడే నియమాన్ని ఇంకొకరి మీద రుద్ది తాను తప్పించుకోకుండా నిలబడిన ఆ మనిషి మీద గౌరవం మాత్రం ఆ పూటే కుదిరిపోయింది.

అక్కడి నుంచి నా అసలు చదువు మొదలైంది. నేను పక్కవాళ్ళు గరిటె తిప్పుతుంటే లాక్కుని తిప్పే రకం. అలాంటిదాన్ని జేబుల్లో చేతులు పెట్టుకుని, వైన్ గురించి ఏమీ తెలియని లెక్కల మాస్టారి చేత పని చేయించాలి. "చేసి చూపించాలనుకోకు. చెప్పు. అర్థం కాకపోతే ఇంకోలా చెప్పు" అనేవారు ఆంటీ. తొట్టిలో రసం పొంగుతున్నప్పుడు ద్రాక్షతొక్కలు పైకి తేలి మందంగా పేరుకుంటాయి. వాటిని రోజుకు కొన్నిసార్లు లోపలికి నొక్కి కలపాలి. "ఇడ్లీ పిండి కలిపినట్టు, అడుగు నుంచి పైకి" అన్నాను ఒకసారి. డేనియల్ తెల్లమొహం వేశాడు. మర్నాడు ఇంటి నుంచి పిండి గిన్నె తీసుకెళ్ళి చూపించాల్సి వచ్చింది. వాసన పట్టి, చెవి పెట్టి విని, ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పడం ఆంటీ నాకలా నేర్పారు.

ఆ వారం శుక్రవారం మధ్యాహ్నం తొట్లను చల్లబరిచే యంత్రం మొరాయించింది. మెకానిక్ సోమవారం దాకా రానన్నాడు. పొద్దు వాలితే డేనియల్‌వాళ్ళకు విశ్రాంతి దినం మొదలవుతుంది. మళ్ళీ శనివారం చీకటి పడి చుక్కలు కనబడేదాకా వాళ్ళు పని ముట్టరు. తొక్కల్ని చివరిసారి కలిపి, మూతలకు సీలు టేపు వేసి, స్నానాలు చేయడానికి పక్కనున్న బసకు వెళ్ళిపోయారు. పొద్దు వాలిన కాసేపటికే పెద్ద తొట్టి మీద వేడి చూపించే ముల్లు పైకి కదలడం మొదలైంది. వేడి మరీ పెరిగితే రసాన్ని పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది. ఇక ఆ వైన్ వైన్ కాదు.

నేను తొట్టి దగ్గరికి పరుగెత్తాను. "ఆంటీ, ఒక్కసారి మూత తీసి తొక్కల్ని లోపలికి నొక్కుతాను. వేడి తగ్గుతుంది. మళ్ళీ టేపు వేసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒక ఏడాది మా నాయనమ్మ బట్టలగదిలో పైపు బాగు చేయడానికి వచ్చినవాడు, అడ్డంగా ఉందని మూతలేని వైన్ జాడీని పక్కకు జరిపాడు. అంతే. నాయనమ్మ తప్ప చూసినవాళ్ళు లేరు. తెల్లారితే పండగ. నాయనమ్మ జాడీ మొత్తం కాలవలో పోసేసి, ఇల్లిల్లూ తిరిగి ఈసారి వైన్ లేదు, కారణం ఇదీ అని చెప్పి వచ్చింది. ఆ ఏడు మా ఇంట్లో పండగ లేదు. మరుసటి ఏడు వాళ్ళందరూ మళ్ళీ ఆవిడ గుమ్మానికే వచ్చారు. మా ఇంట్లో వ్యాపారం అని చెప్పుకునేదంతా అక్కడే పుట్టింది." ఆవిడ నావైపు తిరిగారు. "ఇదీ కాలవలోకే పోతే పోనీ. మూత మాత్రం తీయకు."

అప్పుడు తాత గుర్తొచ్చాడు. కోసిన ద్రాక్షగంపలు లారీ వచ్చేదాకా వాడిపోకుండా ఆయన గోనెలు తడిపి పైన కప్పేవాడు. "లోపలికి పోవద్దు సరే. తొట్టి బయటివైపు గోనెలు కప్పి తడిపితే?" అన్నాను. ఆంటీ బూట్లతోనే పరుగులాంటి నడకతో వెళ్ళి డేనియల్‌ను పిలుచుకొచ్చారు. తెల్లచొక్కా వేసుకుని వచ్చిన ఆ మాస్టారు మమ్మల్ని చూడకుండా గోడకు చెబుతున్నట్టు అన్నాడు: "నేను మీకు ఏ పనీ చెప్పడం లేదు. ఈ రోజు చెప్పకూడదు. సీలు వేసిన తొట్టి బయట తడిస్తే వైన్‌కు దోషం లేదని మాత్రం నాకు తెలుసు." గుమ్మం దాటుతూ, "పడమటి తలుపు వైపు నుంచి మంచి గాలి వస్తోంది" అని కూడా అన్నాడు.

పక్క రైతు దగ్గర దాణా గోనెలు తెచ్చాం. తలుపులు బార్లా తెరిచాం. ఆంటీ చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. కోత మొదలయ్యాక అవి పని చేయగా నేను చూడటం అదే మొదటిసారి. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. ఆ చేతులతోనే ఆవిడ గోనెలు ముంచి, పిండి, స్టీలు తొట్టికి చుట్టారు. ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపాం. వంతులేసుకుని కునికాం. శనివారం మధ్యాహ్నం శీను పులిహోర పట్టుకొచ్చి, తిట్టుకుంటూనే బకెట్లు మోశాడు. ముల్లు కిందికి దిగలేదు, పైకీ పోలేదు. అంచు మీద ఆగింది. లోపల ఏం జరిగిందో మూత తీస్తేగానీ తెలియదు.

చుక్కలు కనబడ్డాక డేనియల్ వచ్చి, టేపు కోసి, మూత ఎత్తాడు. ఆంటీ మళ్ళీ చేతులు జేబుల్లో పెట్టేసుకున్నారు. "వాసన చెప్పు" అన్నారు నాతో. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. వంగి ముక్కు పెట్టాను. "వేడిగా ఉంది. నేరేడు పళ్ళ వాసన. చెడు వాసన లేదు." డేనియల్ తొక్కల్ని లోపలికి నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత అడుగు నుంచి బుడగలు బుసబుసమంటూ లేచాయి. ఆంటీ బోర్లించిన బకెట్ మీద కూలబడి, "బతికింది" అని మొహం కప్పుకోవడానికి కూడా చేతులు తీయకుండా ఏడ్చారు.

ఆ వైన్‌కు ఆవిడ 'బట్టలగది' అని పేరు పెట్టారు. ఖరీదైన వైన్‌కు ఇదేం పేరని అమ్మకాల కోసం పెట్టుకున్న సలహాదారు తల పట్టుకున్నాడు. ఒకసారి మరిగిస్తే నియమం ప్రకారం ఎవరి చెయ్యి పడినా ఫర్వాలేదు, అమ్మడం సులువవుతుంది అని కూడా చెప్పాడు. మరిగిస్తే రుచి జామ్ అవుతుందని ఆంటీ రెండు సలహాలూ తోసేశారు. మొదటి సీసా డేనియల్ తెరిచి ఆవిడ గ్లాసులో పోశాడు. గుక్క వేసి, చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, "మా నాయనమ్మ అయితే చక్కెర ఏదీ అని అడుగుతుంది" అన్నారు. ఆ ఏడే మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద హోటల్ దాన్ని తీసుకుంది. పక్క కంపెనీవాళ్ళు తిరగడం మానేశారు.

పోయిన చలికాలం ఆంటీ పోయారు. వాళ్ళ ఆచారంలో వచ్చినవాళ్ళందరూ తలా కాస్త మట్టి సమాధిలో పోస్తారు. పార మాత్రం చేతి నుంచి చేతికి ఇవ్వరు. తనవంతు అయినవాళ్ళు దాన్ని మట్టికుప్పలో గుచ్చి పక్కకు తప్పుకుంటారు, తరువాతివాళ్ళు తీసుకుంటారు. నేను వెనకాల, జేబుల్లో చేతులతో నిలబడ్డాను. అన్నేళ్ళ అలవాటు. అది నా వంతు కాదనే అనుకున్నాను. డేనియల్ మట్టి పోసి, పారను కుప్పలో గుచ్చి, వెనక్కి తిరిగి నా కోసం వెతికాడు. "రా లావణ్యా" అన్నాడు. "ఇది నువ్వు ముట్టుకోవచ్చు."

జేబుల్లోంచి చేతులు తీయడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. పార పిడి ఇంకా ఆయన చేతి వెచ్చదనంతో ఉంది. కళ్ళు మసకబారి మట్టి ఎక్కడ పడుతోందో కూడా కనబడలేదు. కిందికి దిగిన చప్పుడు మాత్రం విన్నాను. అందరి మట్టిలో నా మట్టీ కలిసిపోయింది.

ఇప్పుడు ఆ షెడ్డులో వైన్ బాధ్యత నాది. కొత్తగా వచ్చినవాళ్ళకు చేతులతో కాకుండా నోటితోనే పని నేర్పుతాను. ఇంట్లో మా అమ్మాయి మేఘన దోసె చిందరవందరగా పోస్తున్నా గరిటె లాక్కోను. నిన్న అది వరండాలోకి వచ్చి, "వాట్ ఆర్ యూ డూయింగ్, అమ్మా? దట్స్ రబ్బిష్" అంది సంచి చూసి. కాదన్నాను. జేబుల్లోంచి చేతులు తీసి, బియ్యం కవరు బయటపెట్టి, సంచిని గట్టిగా పిండి, మడిచి కారు డిక్కీలో పెట్టాను. ఈ ఏటి కోత మొదలైంది. శుక్రవారానికి పనికొస్తుంది.