మూడు గంటల రిలీవర్

మధ్యాహ్నం మూడు గంటలకు బొగ్గుబాయి సైరన్ మోగింది. ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఒళ్లో మా పాప ఉంది. నా చేతిలోని సిరంజి జారి, రాగిజావ చాప మీద ఒలికింది.

పాపకు ఏడేళ్లు. మింగడం రాదు. ముక్కులోంచి పొట్టకు వెళ్లే సన్నటి గొట్టంలోంచే తిండి. తల ఎత్తి పట్టుకుని నిదానంగా పోయాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రోజు ఏమీ కాలేదు. మళ్లీ కునుకు పడితే ఏమవుతుందో నాకు తెలుసు.

నా భర్త సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు. ఇంట్లో ఉండేది తక్కువ. ఇల్లందులో అత్తమామల దగ్గరే ఉంటాం. మామగారు బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు నడిపి రిటైరయ్యారు. సైరన్ వింటే ఆయనకు పాత సంగతులు గుర్తొస్తాయి. అప్పుడూ గడపలో కూర్చుని అత్తగారికి చెబుతున్నారు.

"తర్వాతి షిఫ్ట్ రిలీవర్ రాకుండ పంపు ఇడిసిపెట్టి పోతే నౌకరి ఊడ్తది. వాడొచ్చి 'చార్జి తీస్కున్న' అనాలె. అప్పుడే మనం కదలాలె."

చాప తుడుస్తూ అడిగాను. "మరి నా రిలీవర్ ఏడున్నడు మామా?"

అత్తగారు అందుకున్నారు. "నాకు చేతులు వణుకుతయ్ బిడ్డా. ఆ గొట్టం ముట్టాలంటేనే భయం."

"వణికినా పట్టుకో అత్తమ్మా. నేర్పుత. నేను పడిపోతే దీన్ని ఎవలు చూస్తరు?"

"అవ్, పట్టుకో," అన్నారు మామగారు. "ఇన్నేండ్లు నా మెడ పట్టుకున్నవ్, గొట్టం పట్టుకోరాదా?"

"నీ మెడ ఇడిసిపెడితే ఎప్పుడో కల్లు దుకాణంల పడి ఉండేటోనివి."

నేర్పడానికి చాలా రోజులు పట్టింది. మొదట ఖాళీ సీసాకు గొట్టం పెట్టి అత్తగారితో నీళ్లు పోయించాను. తర్వాత నా చేయి పక్కనే ఉంచి పాపకు పోయించాను. పాప గొంతులో కఫం లాగే మిషన్ పని మామగారు తీసుకున్నారు. "గిది గూడ పంపే గదా," అన్నారు.

అప్పటి నుంచి సైరన్ మోగగానే ఆయన పాప మంచం దగ్గరికొచ్చి "చార్జి తీస్కున్న" అనేవారు. ఆ మాట వినేదాకా నేను లేవకూడదు. విన్నాక అక్కడ ఉండకూడదు. మొదటి రోజు వీధి చివరిదాకా పోయి వెనక్కి వచ్చేశాను. ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"నీ షిఫ్ట్ టైం ఇంక కాలే. పో."

గ్రంథాలయానికి వెళ్లాను. తెరిచిన పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోయాను. మరికొన్ని వారాలకు చదవడం కూడా మొదలుపెట్టాను. సైరన్ కోసం ఎదురుచూడటం నాకు తప్పనిపించలేదు. ఇంటికి తిరిగొచ్చినప్పుడు నా చేతులు స్థిరంగా ఉండేవి.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో పాపకు నిమోనియా వచ్చింది. ఖమ్మం దవాఖానాలో, నా ఒళ్లోనే పోయింది.

"తల్లి ఊరు తిరగబట్టే గిట్లయింది," అని వాడలో ఒకామె నాకు వినబడేలా అంది.

"ఆమె తిరగబట్టే పిల్ల గిన్ని దినాలు బతికింది," అన్నారు అత్తగారు.

నేను అనుకునేదీ అదే.

సైరన్ ఇప్పటికీ మూడు గంటలకు మోగుతుంది. మా ఇంట్లో ఇప్పుడెవరూ చార్జి తీసుకోవడం లేదు.