షహజాదికి గొంగడి

కోరుట్లలో పెళ్లికొడుకులను ఊరేగించే గుర్రం బాబా మియాదే. పేరు షహజాది. అది తుమ్మితే ఈయనకు జ్వరమొచ్చేది. తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కిన ఆ డిసెంబరు చలిలో షహజాదికి దగ్గు పట్టుకుంది. "ఇంకోపారి చలి తగిలితె దక్కది" అని జగిత్యాల పశువుల డాక్టరు ఫోనులో తేల్చేశాడు.

ఇక చూడండి మియా తంటాలు! దుప్పటి మంచిదో కాదో తెలియాలంటే ముందు తాను కప్పుకుని, కొట్టంలో చేతులూ కాళ్లూ నేలకానించి గుర్రంలా నిలబడి చూడాలట. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంట్లోని దూది రజాయి భేషుగ్గా ఉందని తేల్చి గుర్రానికి కప్పాడు. "ముప్పై ఏండ్ల కాపురంల నాకు జలుబైతే ఒక్కనాడన్న గిట్ల కప్పిండ్రా?" అని భార్య గౌసియాబీ దులిపేసింది. తెల్లారేసరికి షహజాది రజాయిని చింపి, దూదంతా కొట్టం నిండా పరిచింది.

మర్నాడు సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న పాలిస్టర్ గుడ్డ నాలుగు మడతలేసి కప్పాడు. అదేమో లోపల చెమట పట్టించింది. తడి ఒంటికి గాలి తగిలి దగ్గు రెండింతలైంది. సాయంత్రమేమో జహీర్ పెళ్లి బరాత్, ఊరేగింపుకు షహజాదే వెళ్లాలి. వేరేది కొందామంటే బంద్, ఒక్క దుకాణం తెరిచి ఉంటే ఒట్టు. బాబా మియా గుర్రం మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

పక్కింటి లింగవ్వ గోడ మీంచి చూసింది. "ఓ బాబా! ఉన్నిది కప్పాలె గని గీ తళుకులేంది? గొర్రె ఎప్పుడన్న వణికిందా?" అని తన నల్ల గొంగడి ఇచ్చింది. "ధర్నాల కూసునే యాళ్లకు నాది నాకియ్యాలె" అని షరతు పెట్టింది.

బాబా మియా గడ్డితో రుద్ది వీపు ఆరబెట్టాడు. గొంగడి కప్పి, జారకుండా కడుపు కింద నవారు కట్టాడు. గంటలో షహజాది చెవులు వెచ్చబడ్డాయి, దగ్గు ఆగింది.

సాయంత్రం పెళ్లికొడుకు జహీర్ జరీ శాలువ వేసుకుని వచ్చి మొహం చిట్లించాడు. "గీ గొంగడేంది మామూ? ఫోటోలు తీస్తరు, తియ్యి!"

పెళ్లివారికి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి అడ్డంగా నిలబడ్డాడు. "తీసేది లేదు. ఎక్కితె ఎక్కు, లేకుంటె నడుసుకుంట పో."

బంద్ రోజున కారెక్కడిది? జహీర్ గొంగడి మీదే ఎక్కాడు. తన సొత్తు ఎటు పోతుందోనని లింగవ్వ దాని కొస పట్టుకుని బరాత్‌లో నడిచింది. ధర్నా టెంటు రాగానే "ఇగ ఇయ్యి" అంది. బాబా మియా రెండు చేతులూ జోడించాడు. "అవ్వా, గిది సచ్చిపోతది."

లింగవ్వ గుర్రాన్ని చూసింది, పెళ్లికొడుకును చూసింది. "అయితె పిలగా, నీ శాలువ ఇటియ్యి."

ఆమె జరీ శాలువ కప్పుకుని ధర్నాలో దర్జాగా కూర్చుంది. ఆ రాత్రంతా దగ్గింది పెళ్లికొడుకు ఒక్కడే.