రోటియా చేమగుంట

మా పక్కింటి రోటియాను ఊరంతా గయ్యాళి అంటుంది. అననీండి. ఆవిడ మరిది బౌరోను మంచివాడంటారే, నాకు అందుకే ఒళ్లు మండుతుంది.

మా దీవిలో ఇసుకను నీళ్లు తగిలేదాకా తవ్వి, ఆ గుంటలోనే చేమ నాటుతాం. మొక్క చుట్టూ దడి అల్లి ఆకుల ఎరువు వేస్తాం. ఏ ఆకులన్నది ఇంటి గుట్టు. రోటియాను అడిగితే "నీ పని చూసుకోవే" అనేది. ఆవిడ గుంటలో ఒక దుంప పెళ్లయిన ఏడాది మొగుడు నాటినది. అతను పోయాక దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఊరంతా కూడే సభామందిరం మనేబాకు కొత్త కప్పు వేసే పండుగనాడు, అందులో పెద్దల ముందు ఆ దుంప పెట్టాలని ఆవిడ పంతం. మనేబాలో ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే. పండుగనాడు ఉత్తచేతులతో వెళ్తే అక్కడ కూర్చోవడానికి ముఖం చెల్లదు.

బౌరోకు కొట్టుంది, జనరేటరుంది. డీజిల్ పీపాలు మాత్రం వదిన గుంట పక్కన పెట్టుకున్నాడు. ఒకటి తుప్పు పట్టి కారుతోందని ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకుందో! "చూస్తాలే వదినా" అనేవాడు. వాడు చూసేసరికి గుంట నీళ్ల మీద రంగురంగుల తెట్టు కట్టింది.

నీళ్లు పరీక్షించే అమ్మాయి రాజధాని నుంచి పడవలో వచ్చింది. పీపాలూ, వాటి కింద నల్లబడ్డ ఇసుకా తీయించింది.

"మిగిలింది భూమిలోనే విరిగిపోతుందమ్మా. కంటికి కనబడని పురుగులు నూనెను తినేస్తాయి. కాకపోతే నెమ్మదిగా తింటాయి."

"బావుంది. తప్పు చేసినోడు కాలు మీద కాలేసుకుంటాడు, పురుగులు పనిచేస్తాయా?" అంది రోటియా.

"ఈ నీళ్లు తాగొద్దు, అసలు తోడొద్దు. మన మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలచగా తేలుతున్నాయి. గట్టిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. ఉప్పును తినే పురుగు లేదు."

రోటియా తిట్టుకుంటూనే ఆగింది. వానలు పడ్డాయి. తెట్టు పలచబడింది, చేమ కొత్త ఆకు వేసింది. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ ఆకు చూపించింది. ఆవిడ నవ్వగా నేను చూసింది అప్పుడే.

బౌరో ఆగలేకపోయాడు. పండుగ దగ్గర పడింది, పెద్దలు ముఖం చాటేస్తున్నారు. మనేబాలో వాడి చోటూ వదిన చోటూ ఒకటే మరి. ఆవిడ చేపలకు వెళ్లిన రోజు చూసి, గుంటలో పంపు దించి పొద్దుగూకేదాకా తోడించాడు.

"మొత్తం కడిగేశా వదినా!" అంటూ ఎదురెళ్లాడు.

ఆవిడ చేపల బుట్ట అక్కడే పడేసి గుంటలోకి దిగింది. దోసెడు నీళ్లు నాలుకకు తాకించి ఉమ్మేసింది. "నా మొగుణ్ణి మళ్లీ చంపావు కదరా" అంది.

ఆకుల అంచులు మాడాయి. దుంప వేలు పెడితే దిగేంత మెత్తగా కుళ్లింది. "పాపం, మంచి మనసుతోనే చేశాడు" అన్నారు ఊళ్లోవాళ్లు. మంచి మనసట! సిగ్గు దాచుకోవడానికి చేశాడు.

పండుగ ముందు ఆ అమ్మాయి మళ్లీ వచ్చి నీళ్లు చూసింది. "నూనె దాదాపు పోయింది. ఆగి ఉంటే సరిపోయేది. ఈ ఉప్పెక్కడిది?" అంది. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జారుకున్నారు.

పండుగనాడు అందరూ దుంపలు మోసుకొచ్చారు. రోటియా ఒక కొబ్బరిచిప్ప తెచ్చి బౌరో ముందు పెట్టింది.

"మన గుంట నీళ్లే మరిదీ. మన ఇంటి తరఫున ఇవే మిగిలాయి. తాగు."

మనేబాలో ముందు పెట్టింది కాదనకూడదు. వాడు పెద్దల వైపు చూశాడు. వాళ్లు కప్పు వైపు చూశారు. వాడు గుటకలు వేస్తూ చిప్ప ఖాళీ చేశాడు.

"ఎలా ఉన్నాయి?"

"ఉప్పగా ఉన్నాయి వదినా."

"గట్టిగా చెప్పు. ఆ చివర కూర్చున్నవాళ్లకు వినబడలేదు."